వియ్యపురాళ్ల నాట్లు

కొడుకు మనీష్ పెళ్లికని చైనా వెళ్లి, అక్కడి పల్లెలో పదిహేను రోజులుండి నిర్మలాదేవి లండన్‌లోని క్రోయిడన్‌కు తిరిగొచ్చింది. భర్త పార్థసారథి పెళ్లికి వెళ్లలేదు. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉందని వంక పెట్టాడు గానీ, కోడలు చైనా పిల్ల కావడమే అసలు కారణమని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం పొద్దున ఇల్ఫర్డ్ నుంచి స్నేహితురాలు సత్యమ్మ వచ్చింది. సోఫాలో కూర్చుంటూనే, "ఏం పెట్టిండ్రే అక్కడ? పాములు, కప్పలేనా?" అంది.

"ఏం పాములక్కా! పొద్దుమాపు అన్నమే. మిరపకాయలైతే మనకంటె వాళ్లే ఎక్కువ తింటరు. నేను కొంటవోయిన ఆవకాయ మా వియ్యపురాలు ఒట్టిగనే తిన్నది. నీళ్లు సుత తాగలే!"

మూల కుర్చీలో పార్థసారథి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

నిర్మలాదేవికి మాటలు ఆగలేదు. వయసు పిల్లలంతా ఫ్యాక్టరీలకు పోతే ఆ ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, వాళ్లు సాకే మనవలూ. పెళ్లైన మూడోనాడే వియ్యపురాలు ప్యాంటు మోకాళ్లకు మడిచి నాట్లకు బయల్దేరింది. చూస్తూ నిలబడలేక తానూ చీర ఎగదోపి మడిలో దిగింది. బురద తొక్కి ముప్పై ఏళ్లైంది. రెండు వరసలు వేసేసరికి నడుం పట్టేసింది. వియ్యపురాలు పకపకా నవ్వి, చేతిలోని నారు కట్ట లాక్కుని, గట్టు మీద కూర్చోబెట్టి వీపు రాసింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మధ్యాహ్నం దాకా ఆమె చైనీసులో, ఈమె తెలుగులో ముచ్చట్లాడుకుంటూనే ఉన్నారు.

"ఏమన్నదో ఏమో గని, మా అక్కతోటి ఉన్నట్టే ఉండె," అంటూ కళ్లొత్తుకుంది.

పేపరు మెల్లగా కిందికి దిగింది.

"నారు ఎన్ని దినాలకు పీకుతరు?"

"నాకేం తెలుసు? మీ వియ్యంకున్నే అడుగుండ్రి," అని నిర్మలాదేవి, ఇంకా అత్తారింట్లోనే ఉన్న మనీష్‌కు వీడియో కాల్ కలిపింది.

అక్కడ సాయంత్రం. వియ్యంకుడు లువో మడి దగ్గరే ఉన్నాడు. కోడలు షావ్యున్ ఫోను పట్టుకుని, తండ్రి మాటలు ఇంగ్లిష్‌లో చెప్పసాగింది. నెల రోజుల నారుతో మొదలైన సంగతి తెగుళ్ల దాకా, పిట్టల దాకా పోయింది. లువో వంగి గుప్పెడు మట్టి తీసి చూపించాడు. పార్థసారథి కళ్లద్దాలు పైకి తోసుకుని మరీ చూశాడు.

"పెండ్లికి రాని నా తిక్క సంగతి తర్వాత తెలుస్తది గని," అన్నాడు కోడలితో, తెలుగులోనే. పక్కనున్న మనీష్ నవ్వుతూ ఆమెకు అర్థం చెప్పాడు. "కోతలెప్పుడో మీ నాయిన్నడుగు బిడ్డా. నేనూ వస్త."