వెన్నలో వేయించిన పొట్లం

మొగుడు జిలో సంచిలో దర్మి ముందుగా దుప్పటి పెట్టింది, దాని మీద ఉతికిన చొక్కా, ఆ పైన పచ్చి కాఫీ గింజల మూట. మూట ఊరందరిదీ. ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు ఏరి ఇచ్చిన గింజలు. అడిస్ అబాబాలో పరదేశీ కొనుగోలుదారులు వాటిని వేయించి, కాచి, రుచి చూస్తారు. నచ్చితే ఇక దళారీ ఉండడు, నేరుగా ఊరితోనే బేరం.

మొగుడు అటు తిరగగానే దర్మి ఒక చిన్న పొట్లాన్ని అడుక్కి దోపింది.

"ఏంటే అది?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి వెన్న వాసనొస్తుందా? తియ్యి."

కాఫీ పళ్ళ కొసలు కొరికి వెన్నలో వేయించిన గింజల పొట్లం అది. ఆ కొండల్లో, క్షేమంగా తిరిగి రావాలని, అది తినకుండా ఎవరూ ప్రయాణం కట్టరు. పొద్దుటినుంచి కొరికీ కొరికీ దర్మి పెదాలు చేదెక్కాయి.

"పోనీ ఇక్కడే నాలుగు గింజలు తినిపో."

"చేతికంటింది మూటకంటదా? పచ్చి గింజ పక్కింటి కూర వాసన కూడా పీలుస్తుందే పిచ్చిదానా. తాగినవాళ్ళు, 'ఇది దర్మి తలకి రాసుకునే వెన్నా?' అంటారు."

"అననీ! నా తలకేం తక్కువ?"

జిలో పగలబడి నవ్వాడు. "దాచి ఉంచు. వచ్చాక తింటా."

దర్మి పొట్లం తీసింది. అతను చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ దోపింది.

లారీ హారన్ మోగింది. దారి పక్క మంచెల మీద పళ్ళు ఆరబోస్తున్న ఆడవాళ్ళంతా చేతులాపి, జిలో భుజాన ఉన్న సంచినే చూస్తున్నారు. ఆ చూపులు చూశాక దర్మి ఉండలేకపోయింది. పరుగెత్తి వెళ్ళి, తన చేత్తోనే పొట్లం బయటికి లాగేసింది.

నెల తర్వాత ఆ కొనుగోలుదారుల్లో తెల్లావిడ ఒకామె ఊరికొచ్చింది. ఇంత శుభ్రమైన వాసన ఎక్కడా చూడలేదంది. ఆమెతో ఆనాడు కుదిరిన బేరం ఈనాటికీ నిలిచే ఉంది.

ఏటా ఎవరో ఒకరు మూట పట్టుకెళ్తారు. దర్మి వాళ్ళను ఇంటికి పిలిచి, ఎదుట కూర్చోబెట్టి, వెన్నలో వేయించిన గింజలు తినిపించి, రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగించి పంపుతుంది. ఇంత చిన్న ఉపాయం ఆ రోజు తోచలేదు.

అందరూ తిరిగొచ్చారు. జిలో రాలేదు. ఆనాటి తిరుగుదారిలో అతనెక్కిన బస్సు లోయలో పడింది, 2006 ఫిబ్రవరి పదహారు, గురువారం.