తాతబ్బాయి పాసింజరు

పెళ్లయిన నాటి నుంచి అప్పలనర్సమ్మ ఎవరినీ తాత అని పిలవలేదు. సొంత తాతను కూడా "పెద్దాయన" అనేది. మొగుడి పేరు తాతబ్బాయి మరి. మొగుడి పేరు నోటంట వస్తే ఆయనకి ఆయుక్షీణమని వాళ్లమ్మ చెప్పి పంపింది. ఈవిడ ఆ మాట కొంగున ముడేసుకుంది.

రోజూ పొద్దున్నే చద్దన్నం క్యారేజీ పట్టుకుని, కశింకోట దాటాక రైలుగేటు పక్కనున్న చెరకుతోటకి వెళ్లేది. చెరకు పడిపోకుండా ఆకులతో జడచుట్లు కట్టేది. పొద్దు వాలకముందే ఇల్లు చేరేది. ఊరు దాటి ఒక్క రాత్రి ఎక్కడా పడుకోలేదు. ఆ ఇంటికి తాళంకప్పే లేదు. ఆయన వచ్చేసరికి తలుపు మూసుంటే ఎలా?

తాతబ్బాయి డెబ్భై ఒకటి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. చనిపోయాడని ఎవరూ రాయలేదు. మిలటరీ నుంచి వచ్చిన కాగితం చదివి, "కనబడ్డం లేదని రాసేరమ్మా" అన్నాడు బడి మేస్టారు. "కనబడకపోతే లేనట్టా మేస్టారూ?" అంది అప్పలనర్సమ్మ. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు. మేస్టారు కాగితం మడిచి ఆమె చేతికిచ్చేశాడు. బొట్టూ గాజులూ అలాగే ఉండిపోయాయి.

రెండువేల నాలుగులో రైల్వేవాళ్లకి ఓ మంచి బుద్ధి పుట్టింది. పాసింజరు బళ్లకి నెంబర్లే గాని పేర్లు లేవు గదా, యుద్ధాల్లో ఈ చుట్టుపక్కల ఊళ్లకి పేరు తెచ్చినవాళ్ల పేర్లు పెడదామనుకున్నారు. మొదటిది పోతురాజు పాసింజరు. నలభై రెండులో విశాఖ మీద జపానువాడి బాంబులు పడ్డ రోజున, ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట పరుగెత్తి బండి ఆపిన గేంగుమేన్ పోతురాజు. పేరు రాసిన దగ్గర్నుంచి ఆ బండి విమానం చప్పుడు వినిపిస్తే చాలు, తనంతట తనే నెమ్మదిస్తుంది. పేరు పెట్టాక ఆ మనిషి గుణం రాకుండా ఎలా ఉంటుందని జనం సరిపెట్టుకున్నారు.

రెండోది తుని నుంచి విశాఖ వెళ్లే తాతబ్బాయి పాసింజరు. పేరు పెట్టిన రోజున అనకాపల్లి స్టేషన్లో ఆయన ఫొటోకి దండ వేశారు. అప్పలనర్సమ్మ వెళ్లలేదు. "బతికున్నోడికి దండేటి?" అంది.

మర్నాడు ఆ బండి సిగ్నలు లేకుండానే చెరకుతోట పక్కన ఆగింది. డ్రైవరు దిగి, తోటకేసి చూసి, తలాడించి, బీడీ వెలిగించుకున్నాడు. గేటుమేన్ దేవప్రసాద్ బండి దగ్గరికెళ్లి, "పద, తాతబ్బాయి మావా, లేటయిపోతంది" అంటే అప్పుడు కదిలింది. అప్పట్నుంచి రోజూ అదే వరస. అప్పలనర్సమ్మ తలెత్తేది కాదు. కాని ఆ కాసేపూ ఆమె చేతులు ఆగిపోయేవని దేవప్రసాద్‌కి తెలుసు.

శ్రావణంలో ఒకనాడు బండి ఆగింది. దేవప్రసాద్ పిలిచాడు, కదల్లేదు. మళ్లీ పిలిచాడు, బతిమాలాడు. పావుగంటయింది. అంతలో కిటికీలోంచి ఎవరో "నర్సా" అని సన్నగా పిలిచారు.

పాయకరావుపేటలో ఉండే అక్క కాసులమ్మ. ముప్పైమూడేళ్లుగా ఒక్కసారి రమ్మని కబురు పెడుతూనే ఉంది, ఈమె వెళ్తేగా. ఇప్పుడు కొడుకు భుజం మీద వాలిపోయి, ఎగశ్వాస పీలుస్తోంది.

"పిన్నీ, పెద్దాసుపత్రికి తీసికెల్తన్నాం. పదింటికల్లా తెమ్మన్నారు" అన్నాడు కొడుకు కన్నబాబు.

"అత్తా, నా మాట ఇనడం లేదు. నువ్వు పిలు" అన్నాడు దేవప్రసాద్.

"నేనెలా పిల్తాన్రా? ఆయనకేటన్నా అయితే?"

పెట్టెల్లో జనమంతా ఆమెనే చూస్తున్నారు. అప్పలనర్సమ్మ అక్క మొహం చూసింది. కొంగు నడుముకి దోపి, బండి దగ్గరికొచ్చి, ఇనప మెట్టు మీద చెయ్యి వేసింది. అది వెచ్చగా ఉంది. మాటలు నేర్చే పిల్లలా కూడబలుక్కుని అంది.

"తా... తాతబ్బాయిగారూ. ఎల్లిరండి."

బండి ఒక్కసారి ఒళ్లు విదిలించింది. కదల్లేదు.

కాసులమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి చెల్లెలి తల నిమిరింది. "యుద్ధానికెళ్లినవేళ టేసన్లో కూడా అదే మాటన్నావు, నర్సా. ఎల్లిరమ్మన్నావు. వచ్చేడు గదే. ఇంకెన్నాళ్లు నిలబెడతావు?"

వెళ్లేవాళ్లని ఎవరినైనా మనం వెళ్లిరమ్మంటాం. కాటికి పోయేవాళ్లని తప్ప. అప్పలనర్సమ్మకి ఆ సంగతి తెలియదా? తెలిసే, మెట్టు మీద చెయ్యి తియ్యలేక చాలాసేపు నిలబడింది. తర్వాత తీసింది.

"తాతబ్బాయిగారూ, ఇంక ఎల్లండి."

బండి కూత వెయ్యలేదు. చప్పుడు లేకుండా కదిలి, చెరకుతోట దాటి వెళ్లిపోయింది. ఆమె గట్టు మీద కూలబడి, ముప్పైమూడేళ్ల ఏడుపూ ఏడ్చింది. దేవప్రసాద్ గేటు తెరవడం మర్చిపోయి పక్కనే కూర్చున్నాడు.

కాసులమ్మని సమయానికి ఆసుపత్రిలో చేర్చారు. గండం గడిచిందని సాయంత్రం కబురొచ్చింది. చెల్లెలు కావాలంటోందని కూడా చెప్పారు.

మర్నాడు అప్పలనర్సమ్మ దేవప్రసాద్‌ని అడిగి తాళంకప్ప తెచ్చుకుంది. తలుపుకి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి అతని చేతిలోనే పెట్టి, ఆటోలో అనకాపల్లి స్టేషన్‌కి వెళ్లింది.

"విశాఖకి ఒకటి" అంది.

"ఏ బండికమ్మా?" అన్నాడు టికెట్టు గుమస్తా తల ఎత్తకుండానే.

"తాతబ్బాయికి."

ఆ రోజు బండి చెరకుతోట దగ్గర ఆగకుండా టైముకి వచ్చింది.