రౌండాఫ్ దగ్గర ఆగిపోవాలి

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పల్టీలు నేర్పుతున్నాను. పల్టీ వేయకుండా ఉండటం నేర్పాల్సి వచ్చింది మాత్రం ఒక్క మేబ్రీ టకెట్‌కే. దాని కోసం పడినంత తిప్పలు ఈ ఇరవై రెండేళ్లలో మరే పిల్ల కోసమూ పడలేదు.

మా జిమ్ ఒకప్పుడు పొగాకు గోడౌన్. కెంటకీలో మా చుట్టుపక్కల పొగాకు వేసేవాళ్లు తగ్గిపోయాక నేను దాన్ని అద్దెకు తీసుకుని మ్యాట్లు పరిచాను. వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి ఆ ఘాటు వస్తుంది. మేబ్రీ ఐదో ఏట చీర్‌లీడింగ్ నేర్చుకోవడానికి వచ్చింది, గెంతులూ పల్టీలూ కేకలూ కలిసిన ఆట అది. వాళ్లమ్మకు శనివారాలు డ్యూటీ కాబట్టి తాత వర్జిల్ పికప్ ట్రక్కులో తీసుకొచ్చేవాడు. దింపేసి వెళ్లిపోయి ఉంటే నాకు ఇంత కథ ఉండేది కాదు. ఆయన కుర్చీ లాక్కుని మ్యాటు పక్కనే బైఠాయించేవాడు.

వర్జిల్ గారు పశువుల సంతలో వేలం వేసే మనిషి. ఆయన గుసగుసలాడాననుకుంటాడు, పార్కింగులో ఉన్నవాళ్లు తిరిగి చూస్తారు. వేలంలో పాట మందగించినప్పుడు ఆయన చెయ్యెత్తి "ఇంకొకటి!" అని ఒక్క కేక వేస్తే, ఊరికే చూసిపోదామని వచ్చినవాడు కూడా పాట పెంచేసి ఎద్దును ఇంటికి తోలుకుపోతాడని మా వైపు చెప్పుకుంటారు. ఆ కేకను ఆయన జిమ్‌లోకి తెచ్చాడు. పిల్లలు పరుగెత్తుకొచ్చి రౌండాఫ్ వేస్తారు, అంటే చేతుల మీద తిరిగి రెండు కాళ్లూ ఒక్కసారే కిందికి దించుతారు. దిగీ దిగకముందే ఆయన "ఇంకొకటి" అంటాడు. ఆ ఊపులో పిల్ల వెనక్కి ఎగిరి, చేతులు ఆనించి, మళ్లీ కాళ్ల మీద నిలబడుతుంది. వెనక్కి ఎగరాలంటే మూణ్ణెల్లుగా ఏడుస్తున్న పిల్లలు కూడా ఆ కేకకు ఎగిరారు. కొన్నాళ్లకు తల్లులకూ తండ్రులకూ అదే అలవాటైంది. ఎవరి పిల్ల రౌండాఫ్ వేసినా ముప్పై గొంతులు కలిసేవి. నేనూ అరిచాను, అబద్ధమెందుకు.

మేబ్రీ ఆ వెనక పల్టీని ఎనిమిదేళ్లప్పుడు, క్రిస్మస్ ముందర పట్టేసింది. పట్టిందంటే మామూలుగా కాదు, పన్నెండేళ్లవాళ్లు నోరు తెరిచి చూసేంత శుభ్రంగా. చిక్కు అక్కడే మొదలైంది.

మార్చిలో లెక్సింగ్టన్‌లో ఒక్కొక్కరుగా ఆడే పోటీలు. గెలిచిన పిల్లకు చలికి వేసుకునే తెల్ల జాకెట్టు ఇస్తారు, వీపు మీద పేరు కుట్టి మరీ. మేబ్రీ రెండేళ్లు వరసగా రెండో స్థానంలో ఆగిపోయింది, రెండుసార్లూ ఇన్స్లీ అనే పిల్ల చేతిలోనే. పోయినేడాది తేడా మార్కులో రెండు పదో వంతులు. ఆ జాకెట్టు కోసం ఈ పిల్ల ఎంత తపించేదంటే, చలిలో కూడా పాత కోటు వేసుకోనని వాళ్లమ్మతో పేచీ పెట్టేది. అయితే ఈ పోటీల్లో ఎనిమిదేళ్లూ ఆ లోపు పిల్లలెవరూ లెవెల్ వన్, అంటే మొదటి మెట్టు, దాటకూడదు. లెవెల్ వన్‌లో వెనక పల్టీ నిషేధం. ఎంత అందంగా వేసినా ఐదు మార్కులు కోత. పదో వంతుల్లో గెలుపు తేలే చోట ఐదు మార్కులంటే ఇక సర్దుకుని ఇంటికి పోవడమే. మేబ్రీకి తొమ్మిదేళ్లు మేలో నిండుతాయి.

రెండు నెలల తేడాకు ఇంత రాద్ధాంతమా అని వర్జిల్ గారు నా మీదికి వచ్చాడు.

"మేం దూడ వయసు పళ్లు చూసి చెప్తాం రొండా. దీని కాళ్లు చూసి నువ్వు చెప్పలేవా?"

"రూల్లో కాళ్ల సంగతి లేదు వర్జిల్ గారూ. పుట్టిన తేదీ ఒక్కటే ఉంది."

"రాసినోడెవడో పిల్లల్ని కన్నోడు కాదు."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఈ నియమాలు లేని రోజులు నేను చూశాను. ఆరేళ్ల పిల్లల చేత, తల్లుల ముచ్చట తీర్చడానికి, ఎముకలు ముదరకుండానే పెద్ద పల్టీలు వేయించేవాళ్లు. మణికట్టుకు కట్లతో తిరిగిన పిల్లల పేర్లు ఇప్పటికీ చెప్పగలను. ఆ నియమం రాసినవాళ్ల చేతులు కళ్లకద్దుకోవాలి, అదే మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన గొణిగాడు. గొణుగుడు కూడా గోడౌనంతా వినబడింది.

ఇక ఆగడం నేర్పడం. రౌండాఫ్ వేసి ఆగవే తల్లీ అంటే బుద్ధిగా తలాడించేది. పరుగెత్తేది, రౌండాఫ్ వేసేది, వెనక్కి ఎగిరిపోయేది. తప్పు దానిది కాదు, రెండూ ఒకే పని అని ఒళ్లు నమ్మేసింది. వెనకాల నేను నిలబడితే మొహమాటానికైనా ఆగుతుందనుకున్నాను. ఆగలేదు, ఇద్దరం కలిసి పడ్డాం. దిగగానే నీ పేరు గట్టిగా చెప్పు, నోరు పనిలో ఉంటే కాళ్లు ఊరుకుంటాయి అన్నాను. పేరు గాల్లో చెప్పింది.

చివరికి నాకు తట్టింది, ఇదంతా ఆ కేక మహిమ అని. పోటీ మూడు వారాలుందనగా పెద్దవాళ్లందరినీ పిలిచి, జిమ్‌లో ఇక ఎవరూ అరవకూడదని కచ్చితంగా చెప్పాను. వర్జిల్ గారికి ప్రత్యేకంగా చెప్పాను: నోరు మూసుకుని కూర్చోవాలి, లేదా బయట ట్రక్కులో కూర్చోవాలి. ఆయన లోపలే కూర్చుంటానన్నాడు. పిప్పరమెంటు బిళ్లలు కొనుక్కొచ్చి, రెండు బుగ్గల్లోనూ పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. జిమ్ బావురుమంటూ ఉండేది. అయితే మేబ్రీ ఆగడం మొదలుపెట్టింది. పదికి ఆరుసార్లు, తర్వాత తొమ్మిది, పోటీ ముందు రోజు పదికి పది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

లెక్సింగ్టన్ హాల్లో ఆ రోజు ఇసకేస్తే రాలనంత జనం. పిల్లల తలల మీద తలకాయంత రిబ్బన్లు, గాలి నిండా హెయిర్ స్ప్రే. ఇన్స్లీ ముందే ఆడింది, వంక పెట్టడానికి లేదు. తర్వాత మేబ్రీ. ఒక్కొక్కరికి తొంభై సెకన్లు. గెంతులు బాగా కుదిరాయి, గొంతు ఖంగుమంది, నవ్వు ఎక్కడా చెదరలేదు. మిగిలింది ఆఖరి పరుగు. రౌండాఫ్ వేసి, ఆగి, చేతులు పైకి పెడితే జాకెట్టు దానిదే. నేను మ్యాటు అంచున మోకాళ్ల మీద కూర్చున్నాను. వర్జిల్ గారు మూడో వరసలో ఉన్నాడు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని.

మేబ్రీ పరుగెత్తింది. రౌండాఫ్ పడింది. హాలంతా మా ఊరి గొంతులు, తల్లులూ తండ్రులూ, మూడు వారాలుగా దాచుకున్నదంతా కలిపి, "ఇంకొకటి!" అన్నాయి. పిల్ల వెనక్కి ఎగిరి వచ్చి, కాళ్లు కదలకుండా నిలబడి, చేతులు పైకెత్తి నవ్వింది. అంత మంచి పల్టీ అది అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. నియమాలు చూసే జడ్జి తలొంచి కాగితం మీద ఏదో రాసింది.

ఆ తర్వాత మావాళ్ల మొహాలు చూడాలి. ఎవరు ముందు అరిచారో తేల్చుకోవడానికి భార్యాభర్తలు పోట్లాడుకున్నారు. ఒకాయన తనకు తెలియకుండా నోరే అరిచిందన్నాడు. పదకొండు మందిలో మేబ్రీకి ఆరో స్థానం వచ్చింది. మార్కుల కాగితం తీసుకుని చూశాను. ఆ ఐదూ కోయకపోతే ఇన్స్లీ కంటే మూడు పదో వంతులు ఎక్కువ. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

వర్జిల్ గారు హాల్లో లేడు. మేబ్రీ చెయ్యి పట్టుకుని వెతికితే పార్కింగులో ట్రక్కు వెనక తలుపు కిందికి దించి దాని మీద కూర్చుని కనిపించాడు. పోటీ అంతా నోరెత్తని ఒకే ఒక్క మనిషి ఆయన, తప్పంతా నాదే అంటున్నాడు. ఆ కేక వాళ్లకు నేర్పింది నేనే కదా, నీ జాకెట్టు నేనే పోగొట్టాను బంగారం అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకగలదని నాకప్పటిదాకా తెలియదు.

మేబ్రీ ఆయన పక్కన ఎక్కి కూర్చుంది.

"వాళ్లు అరిచేసరికి నేను వెనక్కి ఎగిరి గాల్లోనే ఉన్నా తాతా."

"నన్ను ఓదార్చడానికి అబద్ధాలాడకే."

"అబద్ధం కాదు. నేను ఆగగలను. నిన్న పదిసార్లు ఆగాగా?"

ఎవరో తండ్రి తీసిన వీడియో నా ఫోనుకు అప్పటికే వచ్చింది. నెమ్మదిగా నడిపించి చూశాను. వెనక్కి ఎగరడానికి పిల్ల కాళ్లు నేల వదిలాయి. వెనక వరసల్లో అందరి నోళ్లూ ఇంకా మూసే ఉన్నాయి. రెండోసారి చూశాను, అంతే. మరి తెలిసి తెలిసి ఎందుకు వేశావే అని అడిగాను.

"పరుగెత్తేటప్పుడు తాత కనిపించాడు కోచ్. నోరు ఇలా మూసుకుని, ఎవరో కొట్టినట్టు. మూడు వారాలుగా అట్లానే కూర్చుంటున్నాడు. ఇంటికెళ్లేటప్పుడు ట్రక్కులో కూడా మాట్లాడట్లేదు. నాకు బాలేదు. ఎగిరితే మళ్లీ అరుస్తాడనుకున్నా."

తర్వాత జాకెట్టు గుర్తొచ్చినట్టుంది, మొహం ముడుచుకుపోయి, రిబ్బను ఊడిపోయేలా ఏడ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల, ఏడవదా మరి. అచ్చం అలాంటి తెల్ల జాకెట్టే ఈ సాయంత్రమే కొనిపెడతానన్నాడు తాత. కొన్నది తనకెందుకని ఇంకా గట్టిగా ఏడ్చింది.

నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. నియమం నియమమే, ఆ ఐదు మార్కులు కోసిన జడ్జి చేసింది న్యాయమే. కానీ అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. పిల్ల ఒంటిని ఆపడం నేర్పుతున్నానని మురిసిపోతూ, ఆ పిల్లతో పాటు ట్రక్కులో వచ్చే మనిషిని మూగవాణ్ని చేశాను. ఆగడం నేర్చుకోవాల్సింది పిల్ల. అరుపుల మధ్య కూడా ఆగడం నేర్పాల్సింది నేను. సులువు దారి చూసుకుని అందరి నోళ్లూ కట్టేశాను.

ఏడుపు తగ్గాక మేబ్రీకి శిక్ష చెప్పాను. మే నెల దాకా వెనక పల్టీ ముట్టుకోకూడదు, రోజూ యాభై రౌండాఫ్‌లు, ప్రతిదీ దిగిన చోటే ఆగాలి. ముక్కు తుడుచుకుని సరేనంది. వర్జిల్ గారు ట్రక్కు దిగి, టోపీ చేతిలో నలుపుతూ, సోమవారం తను లోపలికి రావచ్చా, లేక బయటే కూర్చోవాలా అని నన్నడిగాడు.

"లోపలికే రండి. ఆ బిళ్లలు మాత్రం ఇంట్లో పెట్టి రండి" అన్నాను.