పచ్చితోలు ఆరేదాకా

కొలిమి తిత్తి తాడు లాగుతూనే సోమయ్య మెడ తిప్పి పాక మూలకు చూశాడు. మంచం మీద లింగమ్మ కప్పుకున్న దుప్పటి లేచింది, పడింది. సరే, ఉంది. మళ్లీ నిప్పులోకి చూశాడు. పొద్దు పొడిచినప్పటి నుంచీ ఆయన చేస్తున్నది ఇదే. రెండు లాగులు లాగడం, ఒకసారి భార్య వైపు చూడడం.

సూర్యాపేటలో కోదాడ బాట పక్కన ఆయనది తాటాకు కొలిమి. తండ్రి బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించి బతికాడు. సోమయ్య మోటారు బండ్ల కమాన్లు వంచి బతుకుతున్నాడు. కమాను అంటే ఏముంది, మోటారు బరువంతా మోసే ఇనుప పట్టీల కట్ట. విల్లులా వంగి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఆ పనిలో ముంజేతుల మీద వెంట్రుక మిగలలేదు, ఎడమ కంట్లో నిప్పురవ్వ పడి పువ్వేసింది. అయినా ఊళ్లో ఆయన పేరు ఎవరికి గుర్తు? "కమాన్ల కాడికి పోదాం పా" అనేవాళ్లే అందరూ. ఇన్నేళ్లలో ఇన్ని మోటార్లకు నడుము నిలబెట్టాడు గానీ, పాపం, ఒక్కదాంట్లోనూ ఎక్కి కూర్చోలేదు.

ఇవాళ ఎక్కుతాడు. అందుకే ఆ ఆత్రం.

పాక ముందు, కిరాయికి తిప్పే వెంకటేశ్వర్లు పాత కారు కూలబడ్డ గొడ్డులా వెనక్కి వంగి ఉంది. పెట్రోలు దొరకని కాలం కాబట్టి వెనకాల బొగ్గు గ్యాసు డబ్బా వేలాడదీశారు. దాని బరువుకు వెనక కమాన్లు చచ్చిపోయాయి. ముందు చక్రాలకు నేల సరిగా అందడం లేదు. వంపు వస్తే చాలు, తాగినవాడిలా ఊగుతోంది.

అది నలభై ఎనిమిదో ఏటి రోహిణి కార్తె. పల్లెల మీద దాడులు, కాల్పులు. దవాఖానకు తాళం పడింది. మిర్యాలగూడ డాక్టరు కూడా సామాను సర్దుకుని పోయాడట. లింగమ్మ క్షయ జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇక దిక్కు ఒక్కటే. కోదాడ మీదుగా సంస్థానం హద్దు దాటి జగ్గయ్యపేట చేరితే అక్కడ వైద్యం దొరుకుతుంది. కూలి వద్దు, రెండు సీట్లు చాలన్నాడు సోమయ్య. వెంకటేశ్వర్లు సరేనన్నాడు.

కోదాడ మనిషి వెంకటేశ్వర్లు, బీడీ నలుపుతూ తొందరపెట్టాడు. "ఇంత ఆలోచనెందుకయ్యా సోమయ్యా? ఇంకో రెండు పట్టీలు తోసెయ్. పొద్దెక్కేలోగా ఎల్లిపోదాం."

"తోసేస్తె లేస్తది. లేసి గుర్రం లెక్క ఎగుర్తది. వంపుకాడ దీని ముడ్డి బాట మీద ఉండదు, చేన్ల ఉంటది." సోమయ్య వంగి కారు కింద చట్రం మీద వేలు పెట్టి చూపాడు. "గీడ పలిగింది సూడు. గట్టి కమాన్లేస్తె గీ సట్రం రెండు ముక్కలైతది."

"మరేం చేద్దామంటావ్?"

"ఒక్కటే పట్టీ ఏస్త. పలిగినకాడ అతుకు కొడ్త. గీ డబ్బా జర ముందుకు జరుపుత. నెత్తి మీది బొగ్గుల బస్త కిందికి దింపు. కమాన్లకు పచ్చితోలు సుడ్త. ఆరినంక పట్టీలను గుంజి పడ్తది. ఊగదు, ఎగరదు."

"అది ఆరేదెప్పుడు?"

"పొద్దుగూకాలె."

వెంకటేశ్వర్లు మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆమె పరిస్థితి చూస్తున్నావు గదా?"

"సూస్తున్న గనుకనే జెప్తున్న."

పోయిన పున్నమికి ఆమెను ఎడ్లబండిలో గరిడేపల్లి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. గతుకు గతుకుకూ ఆమె నోటి నుంచి నెత్తురు పడింది. చీరకొంగు తడిసి, బండిలో గడ్డి తడిసింది. ఆ బాట పొడుగునా ఆయన ఎడ్లను తిట్టాడు, బాటను తిట్టాడు, చివరికి తనను తాను తిట్టుకున్నాడు. ఇంకోసారి ఆమెను అట్లా కుదపనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

తోళ్ల దేవసహాయం నిన్ననే నీళ్లలో నానేసిన తోలు వార్లు పంపాడు. తోలు చుట్టడంలో ఒక మెలకువ ఉంది. ఖాళీ కారు మీద చుట్టి ఆరబెడితే, మనుషులు ఎక్కగానే పటుక్కున తెగుతుంది. కూర్చోబోయే వాళ్ల బరువు కిందే ఆరాలి. దినమంతా మనుషుల్ని కూర్చోబెట్టలేం కాబట్టి సోమయ్య రాళ్లు పెడతాడు. ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద పలక అడ్డంగా వేసి, ఒక కొసన మనిషిని, ఇంకో కొసన రాళ్లను ఉంచి తూచాడు. ముందు, హద్దు దాటడానికి అదే కారు కోసం వచ్చిన మిగతా ప్రయాణికులు తూగారు. తర్వాత తన బరువుకు పెద్ద బండలు పడ్డాయి.

లింగమ్మను చేతుల మీద ఎత్తుకొచ్చి పలక మీద కూర్చోబెట్టాడు. అవతల ఒక రాయి పెట్టాడు. రెండోది పెట్టబోతుండగానే పలక సమానంగా నిలిచింది. రెండో రాయి ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"గంతేనా నేను?" అంది లింగమ్మ. నవ్వబోయి దగ్గింది. "పెండ్లినాడు నన్నెత్తలేక సచ్చినవ్ గదయ్యా."

"గప్పుడు నీ ఒంటి మీద వెండి ఉండె."

"ఆహా, వెండేనా! అబద్ధాలకోరు."

ఆయన నవ్వలేదు. ఆమెతో తూగిన రాయిని సీటు మీద, ఆమె కూర్చోవలసిన చోట, కిటికీ పక్కన పెట్టాడు. ఎర్రటి రాయి. ఒక పక్క నున్నగా ఉంది.

పక్కింటి ఆండాలు అదంతా చూస్తూ నిలబడింది. భర్తను ఎవరో పట్టుకుపోయి రెండు నెలలైంది, జాడ లేదు. కూతుర్ని తీసుకుని తనూ పోదామంటే ఏ బండిలోనూ చోటు దొరకలేదు. ఈ కారులో చోటు అడగడానికి నోరు రాక విసనకర్ర తీసుకుని లింగమ్మ పక్కన కూర్చుంది.

బిగించిన కమాన్లకు తోలు చుట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. రోహిణి ఎండ రోళ్లు పగలగొడుతుందంటారు. ఆ రోజు మాత్రం మబ్బు పట్టింది. శత్రువు కూడా చేయడు అట్లాంటి పని! సోమయ్య ఆకాశానికేసి చూశాడు, తోలు తడిమాడు. ఇంకా మెత్తగానే ఉంది. నిప్పుల సెగ చూపిస్తే పెళుసై పగులుతుంది. ఏం చేయాలో తోచక చేట తెచ్చి కారు పక్కన గొంతుక్కూర్చుని విసరసాగాడు. లోపల ఆండాలు లింగమ్మకు విసురుతోంది, బయట ఆయన తోలుకు విసురుతున్నాడు. భుజాలు పడిపోతున్నా చేట ఆపలేదు. తొందరగా ఆరవే తల్లీ, నీ కాళ్లు మొక్కుతా అని ఆ తోలును బతిమాలాడు.

నడుమ ఒకసారి లింగమ్మ పిలిచింది. పరుగున వెళ్లాడు.

"అయిందా?"

"అయితది. జర ఓర్సుకో."

"మోటర్ల కిటికి కాడ నేనే కూసుంట."

"నువ్వే కూసో. నీ రాయి గాన్నే పెట్టిన."

మబ్బు విడిచాక ఎండ పడింది. పడమట ఎరుపెక్కే వేళకు సోమయ్య గోటితో తోలును కొట్టాడు. టక్కుమంది, ఎండు కట్టెలా. కారు వెనక రెండు చేతులు ఆనించి నొక్కాడు. దిగి, మెల్లగా లేచి, ఊగకుండా నిలబడింది. ఇంత మంచి పని ఆయన ఎన్నడూ చేయలేదు. సంతోషం పట్టలేక కేకేశాడు.

"లింగీ! లే, పోదాం!"

ఆండాలు చేతిలో విసనకర్ర ఆగి ఉంది. ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు. దుప్పటి లేవడం లేదు. సోమయ్య మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. ఇంకా తోలు ఆరలేదేమో, ఇంకా పొద్దుందేమో అన్నట్టు బయటికి చూశాడు.

వెంకటేశ్వర్లు తలపాగా తీసి గడప దగ్గర నిలుచున్నాడు. సోమయ్యే అన్నాడు, "నువ్వు జెప్పినట్టు పొద్దుగాల్నే రెండు పట్టీలేసి పోతె…"

"ఊరుకోవయ్యా. సగం దారిలోనే పోయుండేది."

"పోతె పోతుండె. మోటరెక్కి పోతుండె గదా." అప్పుడు ఏడ్చాడు. గొంతు చించుకుని ఏడ్చాడు.

చీకటి పడితే బాట మీద ప్రాణాలకు పూచీ లేదు. మిగతా వాళ్లు కారు చుట్టూ కాళ్లు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. సోమయ్య ముఖం తుడుచుకుని వచ్చి సీట్ల మీది రాళ్లన్నీ దింపాడు. ఆండాలు వైపు తిరిగాడు.

"ఎక్కు బిడ్డా. నా జాగల నువ్వు కూసో. పిల్లను కిటికి కాడ కూసోబెట్టు."

"అన్నా, నువ్వు?"

"ఆమెను మట్టి జెయ్యాలె గదా."

తొమ్మిదేళ్ల పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. సోమయ్య వంగి కమాను చూశాడు. పొద్దున లింగమ్మ రాయి కింద ఎంత దిగిందో, ఈ పిల్ల కింద అంతే దిగింది. తలుపు తనే వేశాడు.

కారు బొగ్గు పొగ కక్కుతూ కదిలింది. తూము దగ్గర వంపులో ఎప్పుడూ పల్టీ కొడుతుందేమో అన్నట్టు ఊగేది. ఈసారి నీళ్లు నిండిన బిందె తొణకనట్టు తిరిగి, కోదాడ బాట పట్టింది. భేష్ అనుకుంది ఆయన మనసు. అనుకున్నందుకు తన చెంప తానే పగలకొట్టుకున్నాడు.

పాకలోకి వెళ్లేముందు ఆగి, దింపిన రాళ్లలో దాని కోసం వెతికాడు. బాట పక్క దుమ్ములో, ఒక పక్క నున్నగా, పగటి ఎండకు ఇంకా వెచ్చగా ఉంది లింగమ్మ రాయి.