వచ్చినట్టు సంతకం

మిరపకాయల తొడిమలు తీస్తున్న చోటు నుంచి గుల్జార్ బేగం నేరుగా బడికి వచ్చింది. సగంలో లేచినందుకు ఆ పూట కూలి లేదన్నాడు మేస్త్రీ. అయినా రాక తప్పలేదు. ఆమె పేరెంట్స్ కమిటీ మెంబరు.

హెడ్మాస్టరు గురవయ్య బల్ల మీద ఒక కాగితం పరిచి, పెన్ను చేతికిచ్చాడు. ఈ ఏడాది బళ్ళన్నిటికీ ఒకే కొలత పెట్టారు. బడి దాటి బతుకులోకి వెళ్ళే పిల్లలకు ఏమేం రావాలో అందులో ఉంది. తొమ్మిదో తరగతిలో ముప్పై ఒక్క పేర్లు. ప్రతి పేరు ఎదుటా, లెక్కల గడిలో కూడా, 'వచ్చింది' అని టిక్కు.

"ఈడ సంతకం పెట్టమ్మా. సాయంత్రంలోగా ఆన్‌లైన్‌లో ఎక్కించాల."

పేర్లు కూడబలుక్కుంటూ చూసింది. పదకొండోది ఆమె చిన్నకూతురు ఫిర్దౌస్‌ది.

పెద్దకూతురు జెబాకు పదిలో ఫస్టు క్లాసు వచ్చింది. నరసరావుపేటలో ఆసుపత్రి ట్రైనింగుకు పంపారు. మొదటి నెలలోనే ఒక లెక్క ఇచ్చారు: అయిదొందల మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, గంటకెంత? జెబా ఖాళీ కాగితం ఇచ్చి వచ్చింది. మనుషుల ప్రాణాలతో పని, ఉంచుకోలేమన్నారు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుని, పదో తరగతి పరీక్షలో జవాబులు సార్లే చెప్పారని నాలుగో రోజు చెప్పింది. ఇప్పుడు తల్లి పక్కన తొడిమలు తీస్తోంది.

"సారూ, మా ఫిర్దౌస్‌ని పిలిపించండి," అంది గుల్జార్.

ఫిర్దౌస్ వచ్చింది. వెనకే ఆమె క్లాసు పిల్లలు కిటికీ దగ్గర మూగారు. తల్లి ఆ సెలైన్ లెక్కే అడిగింది. పిల్ల గోడ మీది బోర్డు మీద 500 వేసి, కింద 4 వేసింది. చాక్‌పీసు అక్కడే ఆగిపోయింది.

గురవయ్య తల దించుకున్నాడు. "నన్నేం జెయ్యమంటావమ్మా? లెక్కల పోస్టు రెండేళ్ళ నుంచి ఖాళీ. నిజం రాస్తే ఈ బడి ఎత్తేస్తారు. అప్పుడీ ఆడపిల్లల్ని ఆటోలెక్కించి పక్కూరి బడికి ఎంతమంది పంపిస్తారు?"

అతను అబద్ధం చెప్పడం లేదు. తన వీధిలోనే నలుగురు మానేస్తారని గుల్జార్‌కు తెలుసు. కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

"ఎత్తేస్తే ఏం జెయ్యాల్నో నాకూ తెలవదు సారూ. లెక్కల సారు లేడని, పిల్లలకి రాలేదని దీంట్లోనే రాయండి. అప్పుడు పెడతా సంతకం. ఇట్టాగైతే పెట్టను."

పెన్ను బల్ల మీద పెట్టి లేచింది. గురవయ్య కాగితాన్ని తీయలేదు.

వరండాలో ఫిర్దౌస్ తల్లిని ఆపింది. "అందరూ చూస్తుంటే నన్నే ఎందుకు నిలబెట్టావమ్మీ? క్లాసులో ఎవరికీ రాదు గదా."

గుల్జార్ కూతురి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. ఫిర్దౌస్ తప్పించుకుని క్లాసులోకి వెళ్ళి, తలుపు వైపు వీపు తిప్పి కూర్చుంది.