మంత్రిగారి నడుము

మా ఆయన కురమోచి తెయిజో వరసగా అయిదు ఎన్నికలు గెలిచారు. గెలిచింది ఆయన, వంగింది నేను. ఆయన టోక్యోలో రాజకీయం వెలగబెడుతుంటే, ఇక్కడ సొంత జిల్లా యమగతలో పెళ్ళికీ చావుకీ వెళ్ళి, చేపల అంగట్లోనూ బస్సులు ఆగే చోటా కనబడిన ప్రతి ఓటరుకీ నడుం వంచి నమస్కారం పెట్టింది నేను.

యుద్ధానికి ముందు ఆయనది ఒక పార్టీ. యుద్ధంలో సైన్యం పాట పాడారు. అమెరికావాళ్ళు దిగాక ప్రజాస్వామ్యం అన్నారు. ఎప్పుడడిగినా తాను సంప్రదాయవాదినని చెప్పుకునేవారు. నాకు తెలిసి ఆయన కాపాడిన సంప్రదాయం కుర్చీ ఒక్కటే.

అయిదుసార్లు గెలిచినవాళ్ళకి మంత్రి పదవి ఇవ్వడం మా పార్టీలో ఆనవాయితీ. మంత్రివర్గం మారుతోందని తెలియగానే, ఫోటోలకి పనికొస్తానని నన్నూ టోక్యో పిలిపించారు. రెండు రోజులు నల్లకోటు తొడుక్కుని టెలిఫోను పక్కనే నిలబడ్డారు. కూర్చుంటే కోటు నలుగుతుందట, సోబా నూడుల్సు కూడా నిలబడే తిన్నారు. చివరికి ఫోను మోగింది, వ్యవసాయ శాఖ ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగి బురదలో కాలు పెట్టిన మనిషి కాదు.

మంత్రి అయిన ఇరవై మూడో రోజున, నాట్లు వేసే యంత్రం తయారు చేయించమని పార్లమెంటు సభలో ఎవరో అడిగారు. ఈయన లేచి, "యంత్రమెందుకు? మన ఆడవాళ్ళ నడుములు వంగడానికే పుట్టాయి," అన్నారు. సభలో అంతా నవ్వారట. మర్నాడు పేపరు చదివిన ఆడవాళ్ళెవరూ నవ్వలేదు.

పార్టీ పెద్దలు తెగేసి చెప్పారు. ఆదివారంలోగా సొంత ఊరి ఆడవాళ్ళు క్షమిస్తే పదవి ఉంటుంది, లేదంటే రాజీనామా. శనివారం రైలు దిగి వచ్చి, ఫోటోలు అవగానే ఇంటికి తిరిగొచ్చేసిన నా ఎదురుగా ఎన్నడూ లేనంత మెత్తగా కూర్చున్నారు.

"ఫుసాయే, నా తరఫున నువ్వొక్కసారి వంగితే చాలు, వాళ్ళే కరిగిపోతారు. నీకు అలవాటేగా."

ఆ చివరి మాట అనకపోతే వంగేదాన్నేమో. పాతికేళ్ళ కాపురంలో నాకంత కోపం ఎప్పుడూ రాలేదు.

మర్నాడు బడి హాల్లో నాలుగొందలమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. నాట్ల రోజులు కావడంతో చాలామంది పొలం నుంచి నేరుగా వచ్చేశారు. నేను మైకు ముందుకి వెళ్ళాను. నాకు వాళ్ళందరి పేర్లూ తెలుసు. ఆయనకి ఒక్కటీ తెలియదు.

"ఇన్నాళ్ళూ ఆయన బదులు నేను వంగాను. ఈ మాట మాత్రం అన్నది ఆయన. ఆయనే వంగుతారు," అని పక్కకి తప్పుకున్నాను.

ఆయన నన్ను కొరకొర చూస్తూ వచ్చి, తల కాస్త వంచి, వెంటనే ఎత్తబోయారు. ముందు వరసలో తోమె అవ్వ ఉంది. అరవై ఏళ్ళు నాట్లు వేసి, నిలబడినా నేలనే చూసే మనిషి.

"ఇంకాస్త కిందికి, బాబూ," అంది. "నారు గాల్లో నాటరు."

ఆయన వంగారు. ఇంకా వంగారు. నల్లకోటు వీపు మీద బిగిసింది. ఆయన మళ్ళీ తల ఎత్తాలంటే ఎవరో ఒకరు "చాలు" అనాలి. అంటే క్షమించినట్టే. ఆయనా ఆ మాట కోసమే చెవులు రిక్కించి ఉన్నారని నాకు తెలుసు.

ఎవరూ అనలేదు. తోమె అవ్వ లేచింది. ఆవిడ వెనకే ఒక్కొక్కరూ చెప్పులు చేతబట్టుకుని, చప్పుడు చెయ్యకుండా పొలాలకి వెళ్ళిపోయారు. హాలు ఖాళీ అయిందని ఆయనకి చెప్పడానికి నేనేమీ తొందరపడలేదు.