సైట్ మాట, పేజీ మాట

దోసెల పిండి కలుపుతుంటే మా ఆయన విక్రమ్ ఫోన్ చేశాడు. అమీర్‌పేటలో వెబ్‌సైట్లు చేయడం నేర్పే అతని ఇన్‌స్టిట్యూట్‌లో డెమో క్లాసు నడుస్తోంది. గొంతు తగ్గించి, "లతా, సైటంతా ఒక్క తీరుండాలె, గని ఒక్క పేజీ వేరే ఉండాలంటే ఎట్ల? ఓ పోరగాడు అడుగుతుండు," అన్నాడు.

పిండి వేళ్లతోనే ఫోన్ పట్టుకుని చెప్పాను. సైటంతటికీ కావలసింది సెట్టింగ్స్ ఫైల్లో రాస్తాం. ఏ పేజీకైనా వేరేగా కావాలంటే ఆ పేజీ మొదట్లో రాస్తాం. అక్కడ రాసి ఉంటే పేజీ మాటే చెల్లుతుంది, లేకపోతే సైట్ మాట.

అతను ఫోన్ కట్ చేయడం మరిచిపోయాడు. "సింపుల్ భాయ్," అని మొదలుపెట్టి నా మాటలే అప్పజెప్పాడు. నాకు రావలసిన చప్పట్లు వంటింట్లో నిలబడి విన్నాను. ఒళ్లు మండిపోయింది.

ఆ ఇన్‌స్టిట్యూట్ సైట్ చేసింది నేను. పాఠాలు రాసిస్తే వెబ్ పేజీలుగా మార్చే ప్రోగ్రామ్ వెతికిందీ, కుక్కర్ మీద ఒక చెవి వేసి ప్రతి పాఠమూ రాసిందీ నేనే. బల్కంపేట బోనాలకి ఇంటినిండా చుట్టాలొస్తే, అందరికీ వడ్డించి మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని రాశాను. "గా డబ్బా ముంగట కూసుంటే కూర ఉడుకుతదా?" అంది అత్తమ్మ. పాఠాల రచయితగా ఎవరి పేరు పెట్టాలని నేను అడిగితే విక్రమ్ నవ్వాడు. పిల్లలు తనను చూసే చేరతారట, ఇంట్లో ఖాళీగా ఉండే నాకు పేరెందుకట. సెట్టింగ్స్‌లో రచయిత విక్రమ్ అని ఒక్క లైను రాయించాడు. అన్ని పేజీల కిందా అతని పేరే వచ్చింది. ఖాళీగా! ఆ మాట విని కూడా నోరు మూసుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

చేతులు కడుక్కుని లాప్‌టాప్ తెరిచాను. సెట్టింగ్స్ ముట్టుకోలేదు. నేను రాసిన ప్రతి పేజీ మొదట్లో రచయిత మధులత అని నా పూర్తి పేరు రాసి, సైట్‌ను మళ్లీ నెట్‌లోకి ఎక్కించాను.

సాయంత్రం వస్తూనే విక్రమ్ ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. మధులత ఎవరని పిల్లలు అడిగారట, పరువు పోయిందట. అత్తమ్మ టీవీ సౌండ్ తగ్గించింది.

"నీ పేరు నేను తియ్యలే. సెట్టింగ్స్‌ల అట్లనే ఉన్నది," అన్నాను. "నువ్వు రాసిన పేజీలు తీసి చూడు. వాటి కింద నీ పేరే ఉంటది."

తన పేరు కోసం ఒక్కొక్క పేజీ తెరుస్తూ పోయాడు. ఎక్కడా ఆగలేదు.

"రేపు క్లాసుల ఎవరన్న ఏమన్న అడిగితే నాకు ఫోన్ చెయ్యకు," అన్నాను. "బోర్డు కాడ నేనే ఉంట."